రెండు బ్రేకుల బండి

ఏప్రిల్ 12

చెల్లీ,

మేమిద్దరం ఇక్కడ క్షేమం. క్షేమం తప్ప ఇంకేదైనా జరగాలంటే గుమ్మం దాటనివ్వాలి కదా!

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి, అక్కకి మతి పోయిందా అనుకుంటున్నావేమో. ఫోన్‌లో మాట్లాడితే మీ బావగారికి వినిపిస్తుందే. కావాలని వినరు, పాపం. ఇల్లే అంత నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లో నేను చెంచా కింద పెడితే ముందు గదిలో ఆయన ఉలిక్కిపడుతున్నారు. ఇలాంటి ఇంట్లో మొగుడి మీద చెల్లెలికి చాడీలు చెప్పుకోవడం ఎలా? అందుకే కాగితం తీశాను. పోస్టుమ్యాన్ అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాడు.

బుల్లి ఫిబ్రవరిలో ఉద్యోగంలో చేరింది కదా. ల్యాబ్‌లో పని. ఆ ఊళ్ళో అందరి ముక్కుల్లోనూ పెట్టి తీసిన పుల్లలన్నీ దాని చేతికే వస్తున్నాయట. ఒక్కగానొక్క కూతురు, తొలి ఉద్యోగం. అది వెళ్ళి సర్దుకునేలోపే లోకమంతా తలుపులేసుకుంది. ఇప్పట్లో అది రాలేదు, మేం వెళ్ళలేం. దాని గది తలుపు తీస్తే ఏడుపొస్తోంది, వేస్తే ఇంకా ఎక్కువొస్తోంది. అందుకని ఓరగా ఉంచాను.

అసలు సంగతి వేరే ఉంది. అది వెళ్ళాకే తెలిసింది, ఇన్నేళ్ళూ మేమిద్దరం మాట్లాడుకున్నదంతా దాని గురించేనని. బుల్లి తిందా, బుల్లి వచ్చిందా, బుల్లి ఫీజు కట్టారా. ఇప్పుడు పొద్దస్తమానం మా ఇంట్లో వినిపించే మాటలు ఇవే: "టీ", "ఊఁ", "పడుకుందామా". మీ బావగారిని ఊరంతా ఎంత సరదా మనిషండీ అంటారు. డ్రైవింగ్ నేర్పేటప్పుడు గలగలా మాట్లాడుతూనే ఉంటారట. ఇంటికొచ్చేటప్పుడు ఆ మాటలన్నీ కారులోనే పెట్టి తాళం వేసి వస్తారు. ఇప్పుడు స్కూలు మూసేశారు, కారు షెడ్డులో ఉంది, మాటలూ అందులోనే ఉన్నాయి.

కాలు మాత్రం ఊరుకోవడం లేదు. ఆ కారులో ఆయన సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, నేర్చుకునేవాళ్ళు తడబడితే నొక్కడానికి. ఆ అలవాటు కొద్దీ నేను కూర తిప్పుతుంటే పక్కన నిలబడి నేలని నొక్కుతున్నారు. నేను కాస్త గట్టిగా తిప్పితే గట్టిగా నొక్కుతున్నారు.

నవ్వకు. నాకు భయంగా ఉంది. పిల్ల ఇల్లు దాటగానే మా ఇద్దరి మధ్య ఇంకేమీ మిగల్లేదేమో.

మాటకి మొహంవాచి ఉన్న
అక్క

*

ఏప్రిల్ 29

అక్కా,

నీ ఉత్తరం నా చేతికి రావడానికి ఎన్ని గండాలు దాటిందో! పెద్దకోడలు దాన్ని పటకారుతో పట్టుకుని లోపలికి తెచ్చింది. చిన్నాడు దాని మీద శానిటైజర్ కొట్టాడు. మీ మరిది ఇస్త్రీ చేశారు. ఆ తర్వాత బట్టల పక్కన క్లిప్పు పెట్టి ఎండలో ఆరేశారు. సిరా అక్కడక్కడా కారింది కానీ చదవగలిగాను.

ఫోన్ చెయ్యకపోవడమే మంచిదైంది. నాకిప్పుడు ఫోనెక్కడిది? అది పెద్ద మనవరాలి ఆన్‌లైన్ క్లాసుకి వెళ్ళిపోయింది. మేడ మెట్ల మీద సిగ్నల్ బాగుంటుందని అక్కడ పెట్టారు. క్లాసు జరిగేటప్పుడు నేను మెట్లెక్కకూడదు, దగ్గకూడదు. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ముగ్గురు మనవరాళ్ళు, చుట్టపుచూపుగా వచ్చి చిక్కుకుపోయారు. హాలు పెద్దాడి ఆఫీసు. పడగ్గది చిన్నాడి ఆఫీసు. వంటిల్లు చిన్నకోడలి ఆఫీసు. మిక్సీ మీద చెయ్యి వేస్తే చాలు, "అత్తయ్యా, మీటింగ్!" అంటుంది. నా వంటింట్లో నేను సైగలతో వండుతున్నాను.

ఇది స్టోర్ రూములో బియ్యం డబ్బా మీద కూచుని రాస్తున్నాను. ఎవరో తలుపు కొడుతున్నారు. మీ మరిదే. ఆయనకీ దాక్కోవడానికి చోటు కావాలట. ఈ డబ్బా మీద ఒక్కళ్ళకే చోటుందని చెప్పాను.

నీకేం అక్కా, మహారాణివి! చెంచా చప్పుడు వినిపించే ఇల్లు! టీ, ఊఁ, పడుకుందామా! ఇంతకంటే మంచి సంసారం ఎక్కడుంటుంది? బావగారు కారులోనే మాట్లాడతారంటే, వెళ్ళి ఆ కారులోనే కాపురం పెట్టండి. మీ ఇల్లు నాకిచ్చెయ్యి.

ఊపిరాడని
చెల్లి

*

మే 17

చెల్లీ,

మహారాణి రాస్తున్నది. నీ ఇల్లు నిండుగా ఉందని చెప్పుకోవడానికి అన్ని పేజీలు కావాలా? ఒక్క మాట రాస్తే నేను కుళ్ళుకుని ఊరుకునేదాన్ని కదా. రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నువ్వక్కడ, కోపం ఇక్కడ, నీకెలా తెలుస్తుంది? అందుకే ఇప్పుడు చెప్తున్నాను.

అయితే నువ్వు వెటకారానికి అన్న మాటే నాకు పనికొచ్చింది. ఆ రోజే మీ బావగారిని అడిగాను, "నాకు డ్రైవింగ్ నేర్పుతారా?" అని.

ఆయన పేపరు దించి చూశారు. "ఇప్పుడా? రోడ్డెక్కనివ్వరు."

"రోడ్డెందుకు? షెడ్డు చాలు."

అదిగో, అలా మొదలైంది. సాయంత్రం కాగానే ఇద్దరం షెడ్డులోకి వెళ్ళి కారులో కూచుంటున్నాం. ఇంజన్ వెయ్యం. బండి అంగుళం కదలదు. మొదటి రోజు ఆయన పక్క సీట్లో కూచుని గొంతు సవరించుకుని, "సీటు ముందుకి జరుపుకోండి మేడమ్" అన్నారు. అలవాటులో వచ్చేసింది. నేను పడీపడీ నవ్వాను. ఆయన సిగ్గుపడ్డారు. పెళ్ళిరోజు తర్వాత మళ్ళీ ఆ సిగ్గు ఇప్పుడే చూశాను.

ఎంత బాగా మాట్లాడతారో చెల్లీ! బ్యాంకు మేనేజరొకాయన మలుపు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేవాడట. ఒక పంతులమ్మ సైకిలు అడ్డొస్తే హారన్ బదులు "ఏయ్, పక్కకి జరుగు!" అని అద్దంలోంచి అరిచేదట. కదలని కారులో కూచుని కడుపు పట్టుకుని నవ్వుతున్నాను. నిన్న చెప్పారు, బుల్లిని రైలెక్కించిన రోజు స్టేషన్ బయట కారు ఆపుకుని ఏడ్చారట. నాకు చెప్పనే లేదు. ఆ పూట నేనూ దాని గదిలో కూచుని ఏడ్చాను, ఆయనకి చెప్పలేదు.

కారు దిగి ఇంట్లోకి రాగానే మళ్ళీ "ఊఁ". అయినా పరవాలేదు. మొన్నటిదాకా ఈ ఇంట్లో ఉండటం ఇక నా వల్ల కాదు అనుకునేదాన్ని. ఇప్పుడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తున్నాను. తల దువ్వుకుని, మంచి బట్టలు వేసుకుని షెడ్డుకి వెళ్తున్నాను. ఈ వయసులో నాకేమిటీ పిచ్చి?

షెడ్డు విద్యార్థిని
అక్క

*

జూన్ 4

అక్కా,

గబగబా రాసేస్తున్నాను. అక్షరాలు సరిగ్గా లేకపోతే సర్దుకుని చదువుకో.

చిన్నాడు ఈసారి కొత్త శానిటైజర్ తెచ్చాడు, బాగా ఘాటైనది. నీ ఉత్తరం చాలావరకు నీలం నీళ్ళయిపోయింది. ఎండబెట్టి, వెలుతురుకి పట్టి చూస్తే మిగిలింది ఇదీ: "ఈ ఇంట్లో ఉండటం ఇక నా వల్ల కాదు." ఇంకోచోట, "మేడమ్ అన్నారు." మరోచోట, "ఎంత బాగా మాట్లాడతారో చెల్లీ!" అన్నిటికంటే కింద, చక్కగా, ఒక్క చుక్క కూడా చెరక్కుండా, "తల దువ్వుకుని, మంచి బట్టలు వేసుకుని షెడ్డుకి వెళ్తున్నాను. ఈ వయసులో నాకేమిటీ పిచ్చి?"

ఎవరక్కా ఆ మనిషి?

బావగారికి నోట్లో నాలుక లేదు, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఇంత పనా? ఆయన ఇంట్లో ఉండగానే, ఆయన షెడ్డులోనే! పైగా బయట ఇంత పెద్ద రోగం తిరుగుతోంది. ఆ మనిషి మాస్కయినా పెట్టుకుంటున్నాడా?

నీ ఇల్లు ఖాళీగా ఉందని నేను ఈర్ష్యపడ్డాను. ఆ ఖాళీ నిన్ను ఇంతదూరం తీసుకెళ్తుందని అనుకోలేదు. తప్పు నాది కూడా. నీకు మంచి మాట చెప్పాల్సింది పోయి మహారాణివని వెక్కిరించాను. మీ మరిదికి చెప్పలేదు. కోడళ్ళకి చెప్పలేదు. కడుపులో దాచుకోలేక మెట్ల మీద ఫోన్ ఖాళీ అయిన కాసేపట్లో బుల్లికి మాత్రం చెప్పేశాను.

కాళ్ళూ చేతులూ ఆడని
చెల్లి

*

జూన్ 21

ఒసే పిచ్చిమొద్దూ,

ఆ మనిషి మీ బావగారే! షెడ్డులో కారుంది. కారులో ఆయనున్నారు. ఆయన పక్కన నేనున్నాను, డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. మాస్కు పెట్టుకోవడం లేదు, మొగుడే కాబట్టి.

నువ్వు చేసిన ఘనకార్యం ఇంతటితో ఆగలేదు. బుల్లి వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. ఏం చెప్పాలో తెలియక ఏడుస్తూ, "నాన్నా, నన్నేమీ అడక్కండి. షెడ్డుకి తాళం వెయ్యండి. అమ్మతో ప్రేమగా ఉండండి" అని పెట్టేసింది. ఆయన సంగతి తెలుసు కదా, కూతురి మాట జవదాటరు. షెడ్డుకి తాళం పడింది. ఇక ప్రేమగా ఉండటం ఎలాగో తెలియక, చేతులు కట్టుకుని నా వెనకాలే తిరగడం మొదలుపెట్టారు. వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, పెరట్లోకి వెళ్తే పెరట్లోకి. మాటా లేదు, పలుకూ లేదు. వారం రోజులు! వెనక్కి తిరిగితే ఆయన్ని గుద్దుకుంటున్నాను. చివరికి నేనే, "ఏమైంది మీకు?" అని గద్దిస్తే, "ప్రేమగా ఉంటున్నాను" అన్నారు.

అప్పుడు గానీ కూపీ లాగడం కుదరలేదు. బుల్లికి ఫోన్ చేసి అసలు సంగతి చెప్తే అది నవ్వు ఆపుకోలేక ల్యాబ్ బయటికి పరిగెత్తింది. మీ బావగారికి మాత్రం నీ అనుమానం ఏమిటో చెప్పలేదు. చెప్తే నీ మొహం ఆయనకెలా చూపిస్తావు?

తాళం తీయించాను. ఇకనుంచి పెన్సిల్‌తో రాస్తాను. మీ వాడు ఏ మందు చల్లినా పెన్సిల్ రాత చెరగదు.

ఒకే ఒక్క మొగుడి భార్య
అక్క

*

జూలై 8

అక్కా,

క్షమించు, క్షమించు, క్షమించు. ఈ మాట మెట్ల మీద నిలబడి అరవాలని ఉంది కానీ లెక్కల క్లాసు జరుగుతోంది.

నీ ఉత్తరం చదివి బియ్యం డబ్బా మీద ఒక్కదాన్నే పగలబడి నవ్వుతుంటే మీ మరిది తలుపు తీసి చూసి, ఏమీ అడక్కుండా మళ్ళీ వేసేశారు. నిజం చెప్పనా, కాస్త నిరాశ కూడా పడ్డాను. మన వంశంలో ఒక్క కథయినా ఉంటుందనుకున్నాను.

త్వరగా నేర్చుకో. నేర్చుకున్న మర్నాడే ఆ కారేసుకుని వచ్చి నన్నీ ఇంట్లోంచి తీసుకుపో. బావగారు నెల తిరక్కుండా కారు చేతికిచ్చేస్తారని చెప్పేదానివి కదా. మరి నీకెప్పటికి పూర్తవుతుంది?

నీ కారు కోసం గేటు దగ్గర కాచుకున్న
చెల్లి

*

ఆగస్టు 9

చెల్లీ,

ఎప్పటికి పూర్తవుతుందని అడిగావు. ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను. ఈ ఉత్తరం చదివి చింపెయ్యి.

పూర్తయిపోయింది.

రోడ్లు తెరిచాక మూసేసిన సినిమా హాలు వెనక ఖాళీ జాగాకి తీసుకెళ్తున్నారు. అక్కడ ఇంజన్ వేసి నిజంగానే నడిపిస్తున్నారు. నాకు తొందరగానే వచ్చేసింది. కాలికీ చేతికీ దానంతటదే తెలిసిపోతోంది. ఒకరోజు మలుపు తిప్పుతుంటే ఆయన చాలా సంతోషంగా, "ఇంకో వారం చాలు నీకు" అన్నారు.  వారం తర్వాత ఏముంటుంది? కారు షెడ్డులోకి వెళ్తుంది, ఆయన "ఊఁ"లోకి వెళ్ళిపోతారు.

అందుకని క్లచ్ టక్కున వదిలేశాను. బండి ఎగిరి దూకి ఆగిపోయింది. "పరవాలేదు, మళ్ళీ మొదటినుంచి చూద్దాం" అన్నారు. ఆ "మొదటినుంచి" నాకెంత బాగుందో! అప్పటినుంచి రోజూ ఆపేస్తున్నాను. ఒకరోజు క్లచ్ వదిలేస్తాను, ఒకరోజు హ్యాండ్ బ్రేక్ తియ్యకుండా బయల్దేరతాను, ఒకరోజు వైపర్లు వేసి కంగారు నటిస్తాను. చుట్టూ బాల్కనీల్లో జనం టీ కప్పులతో నిలబడి చూస్తున్నారు. బండి ఆగినప్పుడల్లా చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళకి మాత్రం వేరే కాలక్షేపం ఏముంది?

ఇంతవరకూ బాగానే ఉంది. మొన్న బండి ఆగాక ఆయన "మళ్ళీ మొదటినుంచి" అనలేదు.  మెల్లిగా అన్నారు, "ఊళ్ళో అందరికీ నేర్పాను. ఇంట్లో మనిషికి నేర్పలేకపోతున్నాను. నాలో పస అయిపోయింది."

మర్నాడు కారు మీది డ్రైవింగ్ స్కూలు బోర్డు విప్పేశారు. మెకానిక్‌ని పిలిచి రెండో బ్రేకు తీయించేసి, కారు అమ్మేసి, స్కూలు మూసేస్తారట. ఆ బోర్డు తుడిచి గోడకి ఆనించి పెడుతుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

నిజం చెప్తే మళ్ళీ ఆ మూగ ఇల్లే. చెప్పకపోతే ఆయనకి చేతకానివాణ్ణన్న బెంగ మిగిలిపోతుంది. ఆ పని తప్ప ఆయనకేదీ లేదు. ఆ మాటలు తప్ప నాకేదీ లేదు. ఏం చెయ్యమంటావు?

అక్క

*

ఆగస్టు 30

అక్కా,

నన్ను చంపెయ్యి. కాకపోతే ఇది చదివాక చంపు.

చింపెయ్యమన్నావు. మళ్ళీ ఒక్కసారి చదువుకుని చింపుదామని బియ్యం డబ్బా మీద పెట్టాను. ఆ రోజు పెద్ద మనవరాలికి తెలుగు క్లాసులో, ఇంట్లో పెద్దవాళ్ళు చేత్తో రాసింది ఏదైనా పైకి చదవమన్నారట. నీ పెన్సిల్ అక్షరాలు గుండ్రంగా, కాపీ పుస్తకంలో ఉన్నట్టుంటాయి కదా. దానికి ఎంతో నచ్చాయట. మెట్ల మీద నిలబడి, క్లాసు మొత్తానికి, "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను" నుంచి మొదలుపెట్టి చివరిదాకా చదివేసింది. "బండి ఎగిరి దూకి" అన్నప్పుడు అభినయం కూడా చేసిందట.

టీచర్ మెచ్చుకుంది. పెద్దాడు మురిసిపోయి, ఏం చదివిందో కూడా వినకుండా, ఆ వీడియో తీసి మన కుటుంబం గ్రూపులో పెట్టేశాడు. అందరూ వినకుండానే చప్పట్ల బొమ్మలు పెట్టేశారు. నాకు తెలిసేసరికి బావగారు చూసినట్టు కూడా గుర్తు పడిపోయింది. ఆయన మాత్రం చప్పట్లు పెట్టలేదు.

నిన్నటినుంచి ఫోన్ చేస్తున్నాను. పిల్ల చేతిలోంచి లాక్కుని మరీ చేస్తున్నాను. మీరిద్దరూ ఎత్తడం లేదు. ఏమైందక్కా? నా వల్ల నీ సంసారానికి ఏమైనా అయితే నేను తట్టుకోలేను. అన్నం దిగడం లేదు. ఇంటినిండా మనుషులున్నా గుబులుగా ఉంది.

చెల్లి

*

సెప్టెంబర్ 8

చెల్లీ,

నిన్ను చంపను. తీరిక లేదు.

ఆ రోజు నేను వంటింట్లో ఉన్నాను. ముందు గదిలోంచి నీ మనవరాలి గొంతు వినిపించింది. ఎంత ముద్దుగా చదువుతోందో అనుకున్నాను. తీరా చూస్తే అవి నా మాటలే! గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆయన చివరిదాకా విన్నారు. మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని విన్నారు. తర్వాత గుమ్మంలోకి వచ్చి తాళంచెవి నా ముందు పెట్టి, "రా" అన్నారు.

కారులో కూచున్నాం.  ఆయన రెండు కాళ్ళూ పైకి తీసి సీటు మీద మఠం వేసుకుని కూచున్నారు. అంటే ఆయన బ్రేకు దగ్గర ఇక కాలు లేదన్నమాట. "పోనివ్వు" అన్నారు.

పోనిచ్చాను. సినిమా హాలు దాటాను, మూసిన కొట్లు దాటాను, బ్రిడ్జి ఎక్కి దిగాను. బాల్కనీల్లో వాళ్ళు చప్పట్లు కొడదామని చేతులు లేపి అలాగే ఉండిపోయారు. బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఊరి చివరిదాకా వెళ్ళి తిప్పుకుని వచ్చి షెడ్డులో, గోడకి బెత్తెడు దూరంలో పెట్టాను. అంతసేపూ ఆయన నోరు విప్పలేదు. కారులో ఆయన మాట్లాడకపోవడం అదే మొదటిసారి. 

అప్పుడు అన్నారు, "ఇంత మెత్తగా నడిపేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. పాసయ్యావు."

నాకు ఏడుపు ఆగలేదు. "పాసయితే మీరిక మాట్లాడరు" అన్నాను. ఇన్ని నెలలూ నీకు రాసినదాన్ని ఆయనకి ఒక్క వాక్యంలో చెప్పేశాను.

ఆయన నావైపు తిరక్కుండా గోడ వైపే చూశారు. "ఇంట్లో నువ్వు నా ఎదురుగా కూచుంటావు. నా మొహం చూస్తావు. ఏం చెప్పాలో తోచదు, చెప్పబోయింది కూడా మర్చిపోతాను. ఇక్కడ ఇద్దరం ముందుకి చూస్తుంటాం. అప్పుడు మాట దానంతటదే వస్తుంది. నీ మీద ఇష్టం లేక కాదు" అన్నారు. చెల్లీ, ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే! నేనేమో ఆయన చెప్తారేమోనని ఇంకా దగ్గరగా వచ్చి, ఇంకా సూటిగా మొహంలోకి చూసేదాన్ని.

మెకానిక్‌ని రావద్దన్నారు. బోర్డు మళ్ళీ కారు మీదికి ఎక్కింది. నిన్న ఇద్దరు కొత్తవాళ్ళు చేరారు కూడా. ఫోన్లు ఎందుకు ఎత్తలేదంటే రెండు రోజులూ షెడ్డులోనే ఉన్నాం, ఫోన్లు ఇంట్లో ఉన్నాయి. తర్వాత నేను చేస్తే నీ ఫోన్ క్లాసులో ఉంది. నీ అనుమానం సంగతి కూడా చెప్పేశాను. "మాస్కయినా పెట్టుకుంటున్నాడా" దగ్గర ఆయన నవ్వి నవ్వి పొలమారారు. ఇప్పుడు నీ మొహం ఎలా చూపిస్తావో నీ ఇష్టం. వచ్చే ఆదివారం కారేసుకుని వస్తాను, సిద్ధంగా ఉండు. బియ్యం డబ్బా మీద మరిదిగారిని కూచోబెట్టి రా.

ఈ ఉత్తరం నిన్ననే రాయాల్సింది. రాద్దామని ముందు గదిలోకి వెళ్తే గది గదిలా లేదు. సోఫా ఒక మూలకి తోసేసి ఉంది. రెండు కుర్చీలు పక్కపక్కన, రెండూ కిటికీ వైపుకి తిప్పి ఉన్నాయి. ఒకదాంట్లో ఆయన కూచుని బయటికి చూస్తున్నారు. నావైపు తిరక్కుండానే రెండో కుర్చీ మీద చెయ్యి తట్టారు.

వెళ్ళి కూచుని, సీటు ముందుకి జరుపుకుని, "ఎటు పోనివ్వమంటారు మాస్టారూ?" అన్నాను.

"ఎటూ వద్దు. ఊరికే కూచో. ఇవాళ నీకు చాలా చెప్పాలి" అన్నారు.

అక్క